గంగ గొంతు, పదకొండు సెకన్లు

నవంబర్ 10, 2008. సోమవారం

చలి ముదిరింది. ప్రార్థన వేళకి కూడా గ్రౌండులో మంచు విడలేదు. వెనక వరసల పిల్లలు కనిపించనే లేదు, పాట మాత్రం వినిపించింది.

టెన్త్ వాళ్ళకి ప్రాథమిక హక్కులు మొదలుపెట్టాను. అదే క్లాసులో ఉన్న మా సలోమి నా ఫోను అడిగి తీసుకుంది, పాఠం రికార్డు చేసుకుని ఇంట్లో మళ్ళీ వింటానంది. మంచిదే. తల్లి సోషల్ టీచరై ఉండి కూతురికి తొంభై రాకపోతే స్టాఫ్ రూములో ఏమనుకుంటారో నాకు తెలుసు.

గంగ చేత చదివించాను. హాస్టల్ పిల్ల, డుంబ్రిగుడ అవతల కొండ మీద ఊరు. లెక్కల్లో క్లాసుకి ఫస్టు. ఇంట్లో కువి మాట్లాడతారు, తెలుగు బడికొచ్చాకే నేర్చుకుంది. ‘హ’ పలకదు. "మనకు ఆరు అక్కులు కలవు" అని చదివింది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. సరిచేసి కూర్చోమన్నాను.

పాఠం సగమే అయింది.

నవంబర్ 14, శుక్రవారం

బాలల దినోత్సవం. పాటల పోటీకి గంగ పేరు ఇవ్వలేదు. ప్రతి ఏడాదీ పాడే పిల్ల. అడిగితే జలుబు అంది.

వరండాలో ఎవరో ‘ఆరక్కులూ’ అని పిలుస్తున్నారు. పిల్లలు పేర్లు పెట్టుకుంటూనే ఉంటారు. నన్ను హైస్కూల్లో ‘కొంగ ఫ్లోరెన్స్’ అనేవారు. నాకేమైంది?

నవంబర్ 19

సాయంత్రం గంగ ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. తన గొంతు ఎవరి ఫోనులోనో ఉందట, అబ్బాయిలు హాస్టల్ గోడ పక్కన నిలబడి అదే పనిగా పెడుతున్నారట. ధైర్యం చెప్పి పంపాను.

అది మాట్లాడుతుండగానే స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

నవంబర్ 21, శుక్రవారం

సంతకి వెళ్ళాను. నూకరత్నం దగ్గర ఎండుచేపలు తూయిస్తుంటే ఆమె ఒళ్ళోని ఫోను మోగింది. ముందు డప్పు. తరవాత ఒక ఆడపిల్ల గొంతు, "మనకు ఆరు అక్కులు కలవు." తరవాత నవ్వులు. నూకరత్నం ఫోను ఎత్తకుండా, నన్ను చూసి నవ్వుతూ, పూర్తిగా వినిపించాకే ఎత్తింది.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"పాటల షాపులో పైడయ్య ఎక్కించాడు టీచరమ్మా. మా గుంటలు ఒకటే నవ్వు. అందరి ఫోనుల్లోనూ ఇదే ఇప్పుడు."

ఇంటికి వచ్చేలోపు ఇంకో రెండు చోట్ల విన్నాను. ఒకటి బంగాళాదుంపల బస్తాల వెనక నుంచి. ఒకటి జీపులోంచి.

ఆ నవ్వుల్లో ముందు ఒక ఆడమనిషి నవ్వుతుంది. తరవాత పిల్లలంతా. ఎవరో మరి.

నవంబర్ 24, సోమవారం

గంగ హాస్టల్లో లేదు. తెల్లవారి లేపడానికి వెళ్తే దుప్పటి మడతపెట్టి ఉందని ఆయా అచ్చియమ్మ చెప్పింది. ఊరికి మనిషిని పంపారు.

నవంబర్ 25

ఊరికీ చేరలేదట. కొండ దారిలో చూశారు. వాగు దగ్గర చూశారు. రైలు పట్టాల వెంట గ్యాంగ్‌మన్‌లు సొరంగం దాకా వెళ్ళి వచ్చారు. హెడ్మాస్టర్ బర్నబా గారు ప్రార్థనలో గంగ పేరు చెప్పి కళ్ళు మూసుకోమన్నారు. నేను మూసుకోలేకపోయాను. మూసుకుంటే వాగు కనిపిస్తోంది.

మధ్యాహ్నం పాఠం చెబుతుంటే చివరి బెంచీ నుంచి చదువుతున్నట్టు వినబడింది. ఎవరూ చదవడం లేదు. ఎవరినీ చదవమని నేను అడగలేదు.

నవంబర్ 26

దొరికింది. బతికే ఉంది.

ఒరిస్సా వైపు వాళ్ళ పిన్ని ఊరుందట, అక్కడికి నడిచిపోయింది. రెండు రోజులు. పాదాలు పగిలిపోయాయి. వాళ్ళమ్మ వెళ్ళి తీసుకొచ్చుకుంది.

ఎవరితోనూ మాట్లాడడం లేదట.

నవంబర్ 27

దేవునికి స్తోత్రం. ఇంక నిద్ర పడుతుంది.

నవంబర్ 28

పట్టలేదు.

నవంబర్ 29, శనివారం

సలోమి ఉదయం నుంచీ ఏమీ తినలేదు. బట్టలు ఆరేస్తుంటే వెనకొచ్చి నిలబడి చెప్పింది. ఆ రోజు రికార్డులోంచి ఆ పదకొండు సెకన్ల ముక్క కత్తిరించిందట. బ్లూటూత్‌లో ఒక్కరికే పంపిందట. "ఒక్కరికేనమ్మా, ఒట్టు." ఆ ఒక్కరూ ఇంకొకరికి, వాళ్ళు వాళ్ళన్నయ్యకి, ఆ అన్నయ్య పైడయ్య షాపుకి, పైడయ్య డప్పు కలిపి ఊరందరికీ. విశాఖలో చదివే ఎవరో ఇంటర్నెట్‌లో కూడా పెట్టారట, కింద కొండవాళ్ళ తెలుగు అని రాసి.

కొట్టాను. పదిహేనేళ్ళ పిల్లని, వాళ్ళ నాన్న పోయాక ఒక్కసారి కూడా కొట్టలేదు. అది ఏడవలేదు. నా ముఖం వైపు చూస్తూ నిలబడింది, ఇంకేదో చెప్పబోయి మానేసినట్టు.

అది పక్కింటికి వెళ్ళాక ఫోను తీశాను. అసలు రికార్డు ఇంకా ఉంది, ఇరవై రెండు నిమిషాలు. గది తలుపేసుకుని విన్నాను.

ఆ నవ్వు నాది. ముందు నవ్విందీ నేనే. గంగ ఆ మాట అనగానే, క్లాసు ఇంకా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే, నేను నవ్వాను. ఒక క్షణం ఆగి పిల్లలు నవ్వారు. మొదట విని మా అమ్మ నవ్వు అనుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. నాకు ఒకసారి చదివించినట్టే గుర్తు. రికార్డులో నేను "మళ్ళీ చదువు" అంటున్నాను. అది చదివింది. మళ్ళీ నవ్వు. "ఎవరి అక్కలే?" అంటున్నాను. "ఇంకోసారి." మూడోసారి గంగ గొంతు చాలా చిన్నదైపోయింది, ఫోను దగ్గరగా పెట్టుకుంటే తప్ప వినబడదు. సరిచేయడం ఎక్కడా లేదు. నేను అసలు సరిచేయలేదు.

రికార్డు తీసేశాను. గంగ కోసమే. అలాంటిది ఎవరి దగ్గరా ఉండకూడదు.

డిసెంబర్ 1, సోమవారం

బర్నబా గారు గదికి పిలిచారు.

"ఫ్లోరెన్స్ గారూ, ఈ సెల్‌ఫోన్ల గొడవ మేనేజ్‌మెంట్ దాకా పోయింది. పిల్లలకి ఓ రెండు క్లాసులు చెప్పెయ్యండి. ఫోనుతో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు, నెట్‌లో ఏం పెట్టకూడదు. మీ మాటైతే వింటారు."

సరేనన్నాను.

"ఆ రికార్డు ఎవరు చేశారో ఏమైనా తెలిసిందా?"

"లేదండి."

"అందులో ఎవరో టీచరు నవ్వు కూడా ఉందంటున్నారు. నాకు చెవులు సరిగా వినబడవు. మీరు విన్నారా?"

"సరిగా వినలేదండి."

ఆయన టేబుల్ మీద గాజు పలక కింద గ్రూప్ ఫొటో ఉంది. రెండో వరసలో గంగ. నేను దాన్నే చూస్తూ మాట్లాడానని బయటికి వచ్చాక తెలిసింది.

డిసెంబర్ 5, శుక్రవారం

మొదటి క్లాసు చెప్పాను. బాగానే తయారయ్యాను. అడగకుండా ఎవరి ఫొటో, గొంతు తీయకూడదు. వస్తే పంపకూడదు, మన దగ్గరే ఆపెయ్యాలి. పాస్‌వర్డు స్నేహితులకైనా చెప్పకూడదు. నెట్‌లో పెట్టింది వెనక్కి రాదు. ఎవరైనా ఏడిపిస్తే వెంటనే పెద్దవాళ్ళకి, టీచర్లకి చెప్పాలి.

నలభై రెండు మంది చేతులు కట్టుకుని విన్నారు. ఎవరూ గుసగుసలాడలేదు, కిటికీలోంచి చూడలేదు. నన్నే చూశారు. అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

సలోమి మాత్రం పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

డిసెంబర్ 6

చెప్పాలి అన్నాను. టీచర్లకి చెప్పాలి అని.

డిసెంబర్ 9, మంగళవారం

గంగ తల్లి రాజులమ్మ వచ్చింది, హాస్టల్లో ఉన్న పెట్టె తీసుకుపోవడానికి. నేనే దగ్గరుండి ఇప్పించాను. రెండు జతల బట్టలు, లెక్కల నోటు, పాటల పోటీలో వచ్చిన స్టీలు గ్లాసు.

"మాటాడిందా?" అన్నాను.

"మా కువి ఆడుతోంది, నాతోనే. అదీ ఒకటీ అరా. తెలుగు ఒక్క ముక్క నేదు. మా పూజారి, దిసారి చేత పూజ సేయించినాం, కోడిని కోసినాం. ఎవులో గుంట గొంతు ఎత్తుకుపోనారు అన్నాడు."

నేను పెట్టె తాళం చూస్తూ నిలబడ్డాను.

"నీకు ఎరికా, టీచరమ్మా? ఆ ఫోనులో నవ్విందెవులో?"

"లేదమ్మా" అన్నాను.

ఆమె పెట్టె తలకెత్తుకుంది. సాయం పట్టబోతే వద్దంది. గేటు దాటేదాకా చూశాను. ఆ నవ్వు మళ్ళీ వినిపించింది. రోడ్డు మీద ఎవరి ఫోనైనా మోగిందేమోనని చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు.

మూడుసార్లు అడిగారు నన్ను. బర్నబా గారు రెండుసార్లు, ఈమె ఒకసారి. మూడుసార్లూ లేదన్నాను. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో, యేసుని ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కథ చెబుతున్నదాన్ని.

డిసెంబర్ 10, బుధవారం

చెప్పేశాను. ఉన్నదున్నట్టు రాస్తాను, రేపు నేను దీన్ని కూడా మార్చుకోకుండా.

రెండో క్లాసు. బోర్డు మీద ఏమీ రాయలేదు. "గంగ రికార్డులో ముందు నవ్వింది నేను. మూడుసార్లు చదివించింది కూడా నేనే. ఫోను నాది. ఎవరు పంపారన్నది అడగకండి, నేనే పంపాననుకోండి" అన్నాను.

వెనక బెంచీ నుంచి రవిబాబు లేచాడు. అల్లరి పిల్లవాడు, వాడు లేస్తేనే నాకు భయం.

"మాకు తెలుసు టీచర్" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నవ్వింది మీరని. మేమంతా ఇక్కడే ఉన్నాం కదా టీచర్. మీరు నవ్వారనే మేం నవ్వాం."

ఆ మాట నన్ను నిందించినట్టు కాదు. లెక్క ఎలా వచ్చిందో చెప్పినట్టు చెప్పాడు. నలభై రెండు మందికీ తెలుసు. హాస్టల్లో తెలుసు. వంటమనిషికి తెలిసుంటుంది. నేనొక్కదాన్నే, ఎవరికీ తెలియదనుకుని, వాళ్ళ ముందు నిలబడి, టీచర్లకి చెప్పండి అన్నాను.

అప్పుడు సలోమి లేచింది. బడిలో నన్ను అమ్మా అనదు.

"పంపింది నేను టీచర్" అంది. తరవాత క్లాసు వైపు తిరిగి, "నేనే పంపాను" అంది.

పక్కనున్న పిల్ల జరిగి కూర్చుంది. రేపటి నుంచి నా కూతురి పక్కన ఎవరూ కూర్చోకపోవచ్చు. అయినా కూర్చోమని అనలేదు. అది తనంతట తనే కూర్చుంది.

బర్నబా గారు మెమో ఇచ్చారు. "మీలాంటావిడ నాతో అబద్ధం చెప్పడమేమిటండి" అన్నారు. కోపం కంటే బాధ ఎక్కువుంది. టెన్త్ సోషల్ ఇంక వేరేవాళ్ళు చెబుతారు. ఫోను క్లాసులు మాత్రం నన్నే చెప్పమన్నారు. ఎందుకని అడిగితే, "ఇంకెవరు చెబితే నమ్ముతారు వాళ్ళు?" అన్నారు.

డిసెంబర్ 14, ఆదివారం

ఆరాధన మానేసి గంగ ఊరు వెళ్ళాను. జీపు దిగాక గంట నడక. వలిసె చేలు రెండు వైపులా పసుపు పచ్చగా ఉన్నాయి. టూరిస్టులు చేలో దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పక్కనే వరి కోస్తున్న ఇద్దరు ఆడవాళ్ళని నిలబెట్టి, అడగకుండా, వాళ్ళనీ తీశారు. వాళ్ళు కొడవళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

రాజులమ్మ వాకిట్లో చేటతో చోళ్ళు చెరుగుతోంది. "కూకో" అంది. గంగ గడప మీద కూర్చుని ఉంది. సన్నబడింది. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులోకి నేను వచ్చినప్పుడు లేచినట్టే. కూర్చోమంటే కూర్చుంది.

తల్లికి చెప్పాను. నవ్వింది నేనే, మొన్న నీతో అబద్ధం చెప్పాను అని. రాజులమ్మ చేట దింపింది. గంగ వైపు చూసింది. గంగ కువిలో ఏదో అంది, నెమ్మదిగా, చాలాసేపు.

"అదీ ముందే ఎరుగునట" అంది రాజులమ్మ. "ఎల్లిపోనాది నువ్వు నవ్వినందుకు కాదట. నీ ఇంటికి వచ్చినాదట ఒక సాయంత్రం. ఏటన్నావో గుర్తుందా అని అడుగుతోంది."

ధైర్యం చెప్పాను అనబోయాను. ఈ పుస్తకంలో అలాగే రాసుకున్నాను.

"గుర్తుంది" అన్నాను.

"ఏటన్నావు?"

"నువ్వు సరిగా పలికితే ఎవరు నవ్వుతారే, అన్నాను."

రాజులమ్మ దాన్ని కువిలోకి మార్చి గంగకి చెప్పలేదు. అవసరం లేదు. గంగ తల వంచుకుని కాలి పగుళ్ళు చూసుకుంటోంది. పొడి మచ్చలు, మానుతున్నాయి.

"నీతో పలకదట గాని, ఈ ఏడు పరీచ్చలు రాత్తాదట" అంది తల్లి చివరికి. "పుస్తకాలు ఇమ్మంటోంది. హాస్టలుకి రాదు. పరీచ్చనాడు నా కళ్ళముందు జీపెక్కించుకో, నా కళ్ళముందు దింపు. ఒక్కదాన్ని ఒగ్గను."

సరేనన్నాను. మంచినీళ్ళు ఇప్పించింది. గంగే తెచ్చి ఇచ్చింది, తల పక్కకి తిప్పుకుని.

జనవరి 9, 2009. శుక్రవారం

పైడయ్య షాపుకి వెళ్ళాను. "నా కంప్యూటర్లో తీసేసినాను టీచరమ్మా, పొరపాటైపోనాది" అన్నాడు. "ఎక్కించుకున్నోళ్ళు ఎక్కడెక్కడున్నారో నాకేటి తెలుసు? టూరిస్టులు కూడా ఎక్కించుకున్నారు. హైదరాబాద్‌లో కూడా ఉంటాది."

సంతలో కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. నూకరత్నం తీసేసింది. ఒకాయన నాకు పిచ్చి అనుకున్నాడు. పదకొండు మంది తీశారు, నా కళ్ళముందు.

ఆదివారాలు గంగకి పాఠాలు. నేను చెబుతాను. అది రాసి చూపిస్తుంది. అనుమానం ఉంటే కాగితం మీద రాసి తల్లి చేత నాకు అందిస్తుంది. మూడడుగుల దూరంలో కూర్చుని.

ఫిబ్రవరి 3

తొమ్మిదో తరగతి పిల్ల, మాధవి, నిన్న సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో వాళ్ళన్నయ్య ఫోను. "టీచర్, ఇందులో నా మొహం ఎవరిదో ఒంటికి అతికించారు" అంది.

నోటిదాకా ఏదో మాట వచ్చింది. అనలేదు. లోపలికి రమ్మన్నాను. స్టవ్ ఆపేశాను. అది చెప్పడం పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. పొద్దున్నే బర్నబా గారితో కలిసి వాళ్ళింటికి వెళ్ళాం, అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కి. ఆ పిల్ల మధ్యాహ్నం క్లాసుకి వచ్చింది.

ఫిబ్రవరి 4

గంగ వచ్చిన రోజు వినడానికి కూడా అంతే సమయం పట్టేది. పది నిమిషాలు.

ఏప్రిల్ 8, బుధవారం

పరీక్షలు అయిపోయాయి. గంగని రోజూ తీసుకొచ్చి దింపుతున్నాను. ఈ రోజు చివరి పేపరు కాబట్టి, దింపడానికి సలోమి కూడా వస్తానంది. ఇద్దరూ నాకు చెరో పక్కన కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకోలేదు.

జీపు నిండా జనం. ముందు సీట్లో ఒకాయన, కాఫీ గింజలు కొనే మనిషి, ఎక్కడెక్కడో తిరుగుతాడు. డుంబ్రిగుడ దాటాక ఆయన ఫోను మోగింది. డప్పు. గంగ గొంతు. నా నవ్వు.

డ్రైవరు నవ్వాడు. వెనక ఒకామె "ఇదేటిది, మళ్ళీ పెట్టు" అంది. ఆయన్ని అడగాలని నోరు తెరిచాను. సంతలో వందమందిని అడిగినదాన్ని, గంగ పక్కనుంటే అడగలేకపోయాను.

గంగ ముందుకి వంగి ఆయన భుజం తట్టింది.

"అన్నా" అంది. "అది నా గొంతు."

తెలుగులో. నాలుగున్నర నెలల తరవాత. బొంగురుగా ఉంది, వాడని గొంతు.

ఆయనకి అర్థం కాలేదు. "ఏ గొంతు?"

"ఫోనులో సదివేది నేను. నన్నడగకుండా తీసినారు. తీసెయ్యి."

జీపులో నవ్వు ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరిగి గంగని, యూనిఫాంని, చేతిలో హాల్ టికెట్‌ని చూశాడు.

"నాకు తీయడం రాదమ్మా, ఎవరో పెట్టిచ్చారు" అన్నాడు. "అయినా ఇదొక్కటి తీసేత్తే ఏటవుద్ది? శానామంది దగ్గరుంది."

"నీ దగ్గర ఉండకూడదు" అంది గంగ.

ఆయన ఫోను ఇచ్చాడు. గంగ దాన్ని ఒక నిమిషం పట్టుకుంది. తరవాత నా ఒడి మీదుగా చెయ్యి చాచి, చూడకుండానే, సలోమికి ఇచ్చింది. సలోమి రెండుసార్లు తప్పు నొక్కింది. తీసేసింది. అందరికీ కనబడేలా ఎత్తి చూపించి ఆయనకి ఇచ్చేసింది.

మలుపు దగ్గర రాజులమ్మ నిలబడి ఉంది. గంగ దిగింది. దిగేముందు సలోమితో "ఎల్తాను" అంది. డ్రైవరుతో "అన్నా, ఆగు, నా సెప్పు" అంది, సీటు కింద పడిపోయిన చెప్పు తీసుకుంది. తల్లితో నడుచుకుంటూ పోయింది. చేను మలుపు తిరిగేదాకా దాని గొంతు వినిపిస్తూనే ఉంది, తల్లికి ఏదో చెబుతోంది.

నాతో మాట్లాడలేదు.